'అక్కా' అన్నాడని సంతకం పెట్టాను

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు ఉద్యోగం మానేస్తుందట, కాంట్రాక్టు పనులు చేసుకుంటుందట, ఎవరో ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడుతోందట" అని మూడు 'అట'లు ఒక్క ఊపిరిలో చెప్పాడు. "దానికి తెలుసులే అన్నయ్యా" అని పెట్టేశాను గానీ నాకు నిద్ర పట్టలేదు. కాసేపు గర్వం, మన ఇంట్లో నా తర్వాత సొంతంగా ఇన్‌వాయిస్ రాసేది నువ్వేనని. కాసేపు టెన్షన్. ఫోన్లో చెప్తే నువ్వు "ఊఁ ఊఁ" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు. అందుకని రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. రిజిస్ట్రేషన్ ఫీజనో ట్రైనింగ్ ఫీజనో నీ దగ్గర డబ్బడిగిన ఏజెన్సీకి ఓ నమస్కారం పెట్టి వచ్చెయ్. నీ రెజ్యూమె ఏ కంపెనీకి పంపుతున్నారో ముందు చెప్పమను, నువ్వు సరేనన్నాకే పంపాలని ఈమెయిల్లో రాయించుకో. ఒకే కంపెనీకి రెండు ఏజెన్సీల నుంచి నీ పేరు వెళ్ళిందంటే, వాళ్ళిద్దరి తగాదా మనకెందుకని చాలాచోట్ల నిన్నే పక్కన పెట్టేస్తారు. ఆధార్, పాన్ కాపీలు పని ఖాయం కాకముందే వాట్సాప్‌లో పంపకు.

ఏజెన్సీ మంచిదో కాదో దాని వెబ్‌సైటు చూస్తే తెలియదు. వాళ్ళ ద్వారా ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరి నంబర్లు అడుగు. ఇద్దర్నీ ఒక్కటే అడుగు: "పోయిన నెల డబ్బు ఏ తారీకున పడింది?" తడుముకోకుండా తారీకు చెప్తే సరే. "వస్తుందండీ, కొంచెం అటూ ఇటూగా" అంటే నీకు జవాబు దొరికినట్టే. క్లయింటుకీ, అంటే అసలు పని చేయించుకునే కంపెనీకీ, నీకూ మధ్య ఎంతమంది ఉన్నారో కూడా కనుక్కో. పైన పెద్ద వెండర్, వాడి కింద ఇంకో ఏజెన్సీ, ఆ కింద నువ్వు అయితే డబ్బు ప్రతి మెట్టు మీదా కూర్చుని సేదతీరి వస్తుంది.

ఇక రేటు. ఇప్పటి జీతానికి ఇరవై శాతం కలిపి అడగబోతున్నావట. పిచ్చిదానా, 365 రోజుల్లో శని ఆదివారాలకే 104 పోతాయి. పండగలు ఓ పది. నీకు జ్వరమొచ్చినా, ఊళ్ళో పెళ్ళయినా, రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ వచ్చినా నీ ఖర్చే. 220 రోజులకి బిల్లు వేయగలిగితే అది మంచి ఏడాది. పీఎఫ్‌లో కంపెనీ వాటా ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. ఏడాదికి నీకెంత కావాలో లెక్కేసి 220తో భాగించు. ఆ అంకె చెప్పి ఊరుకో. అలా ఊరుకోవడం నాకు నలభై దాటాక గానీ రాలేదు. అంకె చెప్పగానే "కొంచెం తగ్గినా పర్లేదండీ" అని మన నోటితో మనమే తగ్గించేస్తాం. క్లయింటు దగ్గర వాళ్ళెంత తీసుకుంటున్నారో కూడా అడుగు. చెప్పరు. అయినా అడుగు, తప్పించుకునే తీరులో మనిషి తెలిసిపోతాడు.

రేటు పెంచడం కుదరదంటే డబ్బిచ్చే గడువు తగ్గించమని అడుగు. ఆ మాట నేనెందుకు నొక్కి చెప్తున్నానో ఇంతవరకూ నీకు చెప్పలేదు.

2018 జూన్‌లో మాదాపూర్‌లో ఒక ఏజెన్సీ ద్వారా టెస్టింగ్ పనిలో చేరాను. నెలకి 1,80,000, దాని మీద జీఎస్టీ. ఆ ఏజెన్సీ కుర్రాడిది మన తెనాలి పక్కనే. మొదటి రోజు నుంచీ 'అక్కా' అన్నాడు. గాంధీచౌక్ గురించీ, మన పెదరావూరు రోడ్డు గురించీ మాట్లాడాడు. అగ్రిమెంట్ ముందు పెట్టి టీ తెప్పించాడు. పద్నాలుగు పేజీలు. చదవకుండా సంతకం పెట్టాననుకుంటావేమో, చదివాను. ఆరో పేజీలో "క్లయింటు నుంచి చెల్లింపు అందిన 30 రోజుల్లోగా" అని ఉంది. నా వేలు అక్కడ ఆగింది కూడా. క్లయింటు ఇవ్వకపోతేనో అని అడగాలనుకున్నాను. ఎదురుగా కుర్రాడు నవ్వుతూ టీ కప్పు జరుపుతున్నాడు. తమ్ముడిలాంటివాణ్ణి పట్టుకుని డబ్బు ఎగ్గొడతావా అని అడిగినట్టుంటుందేమో అనిపించింది. పేజీ తిప్పేశాను. అంతే చిన్నీ, టీ చల్లారేలోపు జరిగిపోయింది.

అక్టోబరు దాకా డబ్బు గడియారంలా వచ్చింది. నవంబరుది రాలేదు. "క్లయింటు దగ్గర ఆగిందక్కా" అన్నాడు. డిసెంబరుదీ అంతే. పని ఆపెయ్యాల్సింది నేను. ఆపేస్తే పాత డబ్బు కూడా రాదేమోనని జనవరి కూడా చేశాను, రాత్రి పదింటి కాల్స్‌తో సహా. ఫిబ్రవరిలో ప్రాజెక్టే మూసేశారు. కుర్రాడు ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు. అతని మీద ఇప్పటికీ నాకు కోపం లేదు, అతని చేతిలో ఏముంది? ఆఫీసుకి వెళ్ళి అడిగితే అకౌంట్స్ అమ్మాయి ఆరో పేజీ తీసి చూపించింది.

పోయింది జీతమొక్కటే అయితే ఏదోలా సర్దుకునేదాన్ని. ఇన్‌వాయిస్ ఇచ్చాక, డబ్బు వచ్చినా రాకపోయినా, జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే. నెలకి 32,400 చొప్పున మూడు నెలలకి 97,200. రాని డబ్బు మీద పన్ను. చేతిలో ఉన్నది ఇంటి ఈఎంఐకి అయిపోయింది. అప్పుడు మీ నాన్నకి ఫోన్ చేశాను. ఎందుకని అడగలేదు. ఆ ఏడు మినుములు అమ్మిన డబ్బు మర్నాటికల్లా పంపాడు.

ఆ ఏడాది నీ ఆఖరి సంవత్సరం ఫీజు ఆలస్యమైందని, హాల్ టికెట్ ఇవ్వరేమోనని నువ్వు ఏడ్చావు, గుర్తుందా? ధర పడిపోయిందని నీకు చెప్పాడు. ధర బాగానే ఉంది. డబ్బు నా దగ్గరుంది.

ఏడాదిన్నరకి ఒక నెల బాకీ వచ్చింది. అది అలాగే మీ నాన్నకి పంపాను. మిగతా రెండు నెలలూ, వాటి మీద కట్టిన పన్నూ పోయినట్టే.

కాబట్టి ఆ వాక్యం కనిపిస్తే కొట్టేయించు. "ఇన్‌వాయిస్ ఇచ్చిన 30 రోజుల్లోగా" అని రాయించు, క్లయింటు ఊసే ఉండకూడదు. పని మొదలుపెట్టకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) చేసుకో, ఆన్‌లైన్లో రూపాయి ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా నీకు డబ్బిచ్చే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కి మూడు రెట్లు చక్రవడ్డీ. పైగా గడువు దాటాక నీకు డబ్బిచ్చేదాకా ఆ ఖర్చుని వాళ్ళు ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేరు, అకౌంట్స్ వాళ్ళు ఆ మాటకి లేచి కూర్చుంటారు. నా రోజుల్లోనూ ఆ చట్టం ఉంది, నాకే తెలియదు. డబ్బు ఆగిపోయాక పరిగెత్తి రిజిస్టర్ చేసుకుంటే అంతకుముందు చేసిన పనికి అక్కరకు రాకపోవచ్చు.

టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే కోసుకునే పన్ను) పది శాతం పడతారో రెండు శాతమో, మిగతా పన్నుల సంగతీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకో. కాంట్రాక్టు ఆపెయ్యడానికి ఇచ్చే నోటీసు గడువు ఇద్దరికీ సమానంగా ఉండాలి. వాళ్ళు వారంలో తీసెయ్యొచ్చు, నువ్వు మాత్రం రెండు నెలలు చెయ్యాలంటే ఒప్పుకోకు.

ఇక అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఆఖరున రాస్తున్నాను. మీ నాన్న ఇప్పుడు నీ కంపెనీ ఆరోగ్య బీమాలో ఉన్నాడు. షుగరు మనిషి. నువ్వు మానేసిన రోజున ఆ కార్డు చెల్లదు. 2016లో మీ మావయ్యకి స్టెంట్ వేసినప్పుడు కంపెనీ కార్డు చూపించే బయటికొచ్చాం, అప్పటి నుంచీ ఎవరైనా రాజీనామా అంటే నాకు ముందు ఆసుపత్రి కౌంటరే కళ్ళ ముందుకొస్తుంది. కొత్త పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మార్చుకునే వీలు ఉంటుంది, హెచ్‌ఆర్‌ని ఈ వారమే అడుగు. అది తేలేదాకా రాజీనామా మెయిల్ డ్రాఫ్టులోనే ఉంచు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

అగ్రిమెంట్ రాగానే నాకు పంపు, ఇంట్లో ప్రింటు తీసుకుని పెన్సిలుతో చదువుతాను. ఆదివారం కూకట్‌పల్లి వచ్చెయ్, పప్పుచారు పెడతాను. మినుముల సంగతి నేను చెప్పానని మీ నాన్నతో అనకు.

నీ మేనత్త