వార్డులో నిలబడబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

ఈసారి చెన్నై కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడతానని రాశావు, సంతోషం. "రాజకీయ నాయకురాలిని కాను మామయ్యా, రాజనీతిజ్ఞుల దారిలో పోతాను" అన్నావు. మాట బాగుంది గానీ పోస్టరు మీద మాత్రం వేయించకు. ఎమ్మెల్యేల దగ్గర పి.ఏ.గా పనిచేసినవాణ్ణి. ఆ బిరుదు తమకు తామే తగిలించుకున్నవాళ్ళని కావలసినంత మందిని చూశాను.

ముందు ఓట్లు తెచ్చుకో. బూత్ ఏజెంట్లకి టిఫిను అందిందా లేదా అని చూసుకోవడం నామోషీ అనుకోకు. కామరాజ్ 1940లోనే తమిళనాడు కాంగ్రెస్ అధ్యక్షుడై, ఏళ్ళ తరబడి కార్యకర్తల మధ్యే తిరిగినవాడు. ఓటు అడగడం చేతగానివాడు ఎంత గొప్ప ఆలోచన చేసినా అది వాడి వరండా దాటదు. రాజకీయ నాయకుడికీ రాజనీతిజ్ఞుడికీ అసలు తేడా గెలిచాక తెలుస్తుంది.

మన వీధినే చూడు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోయారు. పక్కింటివాళ్ళు ఒకప్పుడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళేవారు, ఇప్పుడు దిగి వెళ్తున్నారు. కార్తీకంలో వాన పట్టుకుంటే గడపకి ఇసుక బస్తాలు అడ్డం వేసుకుంటారు. నువ్వు కౌన్సిలరువయ్యాక మిల్లింగ్ చేసి, అంటే పాత తారు గీకించి, పాత మట్టానికి దించి రోడ్డు వేయించాలని పట్టుబట్టావనుకో. పని ఆలస్యమవుతుంది, దుమ్ము లేస్తుంది, బండి పెట్టుకునే చోటుండదు, తిట్లన్నీ నీకే. ఫలితం ఏ అయిదేళ్ళకో, ఇంకెవరో కౌన్సిలరుగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. ఇంట్లోకి రాని నీళ్ళకి ఎవరూ దండ వెయ్యరు. కాంట్రాక్టరు మాత్రం "మీ పేరు మీద రెండు రోజుల్లో పరిచేస్తానమ్మా, ఫొటో తీయించుకోండి" అంటాడు. ఆ పూట నువ్వేమంటావో అదే నీ పరీక్ష. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకే ఇవన్నీ అనుకుంటావేమో. టి.నగర్‌కి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి మన తెలుగువాడే. 1920లో ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టించాడు. నువ్వు కూర్చోబోయే సభలో పుట్టిన ఆలోచనే అది. కొన్నేళ్ళకే డబ్బు లేదని ఆపేశారు. 1956లో ముఖ్యమంత్రిగా కామరాజ్ దాన్ని రాష్ట్రమంతటా బడుల్లోకి తెచ్చాడు, 1982లో ఎం.జి.ఆర్. ఇంకా పెంచాడు. ఇవాళ ఆ భోజనం పేరెత్తితే త్యాగరాయ చెట్టిని తలిచేవాళ్ళు ఎంతమంది? ఆయన నాయకుడిగా ఉన్న జస్టిస్ పార్టీ గెలిచి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వం ఏర్పాటు చేయమని గవర్నరు పిలిస్తే, ఆయన ఆ పీఠం వద్దని సుబ్బరాయలు రెడ్డియార్ని ముందుకు తోశాడు. అందరూ పదవి వదులుకోవాలని నేననడం లేదు. వదులుకోగలిగినవాడి చేతిలో పదవి ఉంటే పని జరుగుతుంది, అంతే.

ఇక కష్టమైన సంగతి. నీకు ఓటేసినవాళ్ళతోనే "కుదరదు" అని చెప్పాల్సి వస్తుంది. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభి ముగ్గురూ కలిసి ఇచ్చిన నివేదికలో, ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలని ఉంది. పట్టాభి సీతారామయ్య ఎవరనుకున్నావు? బందరు మనిషి, ఆంధ్రా బ్యాంకు పెట్టినవాడు. "మద్రాసు మనదే" అని ఊరంతా అరుస్తున్నప్పుడు సంతకం పెట్టాడు. చివరికి 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలింది మైలాపూర్లోనే. ఆ ఊళ్ళో ఉంటున్నవాణ్ణి, ఈ మాట రాయడం నాకూ తేలిక కాదు. అయినా జరగనిదాన్ని జరుగుతుందని నమ్మించి జేజేలు కొట్టించుకునేవాడి కంటే, తిట్లు తిని ఉన్నది చెప్పినవాడే నాకు పెద్దమనిషి.

ప్రకాశం పంతులు గారి గురించి అడిగావు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఇదే ఊళ్ళో తుపాకీకి రొమ్ము చూపిన ధైర్యం ఎవరికుంది? ఆ పేరు వింటే మీ అమ్మమ్మ చేతులు జోడించేది. కానీ 1946లో మద్రాసు ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) అయ్యాక ఏడాది తిరక్కుండా సొంత పార్టీవాళ్ళే దించేశారు, 1954లో ఆంధ్రలోనూ అవిశ్వాసంలో ఓడిపోయాడు. ధైర్యానికి తోడు మనుషుల్ని కలుపుకుపోయే నేర్పు కావాలి. అదే ఏడాది ఇక్కడ కామరాజ్ ఏం చేశాడో చూడు. కాంగ్రెస్ శాసనసభా పక్ష నాయకుడి పోటీలో సి. సుబ్రమణ్యాన్ని ఓడించి, వెంటనే ఆయన్నే మంత్రిగా తీసుకున్నాడు. నువ్వు గెలిచిన రాత్రి ఊరేగింపు అయ్యాక ఓడిపోయినవాళ్ళింటికి వెళ్ళు. కెమెరా వద్దు, ఒక్కదానివే వెళ్ళు. డ్రైనేజీ ఎక్కడ పొంగుతుందో నీకంటే వాళ్ళకే బాగా తెలిసి ఉండవచ్చు.

నామినేషన్ అఫిడవిట్ పూర్తిచేశాక సంతకానికి ముందు నాకు పంపు. ఆస్తుల కాలమ్‌లో మీ నాన్న పేరున ఉన్న గూడూరు స్థలం ఎలా చూపించాలో లాయరుని అడిగి చెబుతాను. ఆదివారం అత్తయ్య పులిహోర చేస్తానంటోంది. వచ్చేటప్పుడు వార్డు ఓటర్ల జాబితా పట్టుకురా.

నీ మామయ్య