రష్యాలో డాక్టరుకు నొప్పి చెప్పడం ఎలా?

ఎంబీబీఎస్‌కు రష్యా వచ్చిన మన పిల్లలు మొదట నేర్చుకోవాల్సిన మాటల్లో 'బోల్' ఒకటి. అంటే నొప్పి. చివర మన 'ల' చాలు, 'ళ' పలకొద్దు. ఇది స్త్రీలింగం. ఉక్రెయిన్‌లో ఇదే మాట 'బిల్', అక్కడ పుంలింగం. అక్కడ చదువు ఆగి ఇక్కడికి వచ్చినవాళ్లు విశేషణం దగ్గర తడబడేది అందుకే. గట్టి నొప్పిని ఇక్కడ 'సీల్నయ బోల్' అనాలి.

'నాకు తలనొప్పి' అన్నదాన్ని మక్కికి మక్కి మార్చి 'మ్న్యే బలీత్ గలవా' అంటుంటారు. అది తప్పు. 'ఉ మిన్యా బలీత్ గలవా' అనాలి. ఇంగ్లీషు దారి వదిలి, తెలంగాణలో 'తల నొస్తుంది' అనడం గుర్తు తెచ్చుకోండి. నొచ్చేది తల, క్రియ దాన్ని బట్టే నడుస్తుంది. 'పళ్లు నొస్తున్నయి' అన్నట్టే పళ్లకు బహువచనం: 'ఉ మిన్యా బల్యాత్ జూబి'. మూడు రోజుల నుంచి నొప్పి ఉన్నా క్రియ వర్తమానంలోనే: 'బలీత్ ఉజే త్రి ద్న్యా'. భూతకాలంలో చెబితే తగ్గిపోయిందనుకుంటారు.

మరి 'మ్న్యే' ఎక్కడ? అవయవం పేరు చెప్పనప్పుడు. డాక్టరు పొట్ట నొక్కి 'బోల్న?' అని అడుగుతారు. నొప్పి ఉంటే 'బోల్న', లేకపోతే 'ని బోల్న'. పూర్తిగా 'మ్న్యే బోల్న', అచ్చం మన 'నాకు నొప్పిగా ఉంది'.

'యా బల్యేయు' అంటే మాత్రం జబ్బుపడ్డానని. పంటినొప్పికి ఇది వాడితే జ్వరమా, జలుబా అని అడుగుతారు. తర్వాత 'జ' అని చేర్చి జట్టు పేరు చెబితే ఆ జట్టు అభిమానినని అర్థం!

సలుపుకు 'నోయుష్షయ', పోటుకు 'కోల్యుష్షయ', మంటకు 'జ్గూచయ'. మూడో ఏడు నుంచి రోగుల దగ్గర కేసు రాయడానికి ఇవే ఆధారం, వీటిని కంఠతా పట్టండి.

ఆసుపత్రిని 'బల్నీత్స' అనేదీ ఈ 'బోల్' ధాతువు నుంచే. కీడు, హింస అనే అర్థాలున్న పాత జర్మానిక్ మాటలతో భాషావేత్తలు దీన్ని పోలుస్తారు. 'ఎక్కువ' అనే అర్థమున్న 'బోల్షె' వేరే ధాతువు, దాన్ని పోల్చేది సంస్కృత 'బలం'తో.

ఛాతీలో నొప్పి వస్తే ఆగకండి. అంబులెన్స్ నంబరు 103కి ఫోన్ చేసి 'సీల్నయ బోల్ వ్ గ్రుదీ' అనండి, వెంటనే హాస్టల్ చిరునామా చెప్పండి.