నాలుగు రోజుల్లో పేపర్ వేస్తామంటున్నారు, డబ్బు కట్టనా? గుంటూరు నుంచి నా అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడలో హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నారు. "ఇంగ్లీషు నేర్చుకోవడంలో కృష్ణా జిల్లా విద్యార్థుల సమస్యలు" అని ఒక పేపర్ రాసి పెట్టుకున్నారు. ఏదో జర్నల్ వాళ్లు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, 2,500 రూపాయలు కడితే నాలుగు రోజుల్లో వేస్తామన్నారు, తమది యూజీసీ కేర్ జాబితాలో (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఆమోదించిన జర్నల్స్ జాబితా) ఉందని కూడా చెప్పారు. కట్టాలా వద్దా అని అడుగుతున్నారు.

వద్దండి. ఈ "వద్దు" నాకు 3,500 వదిలాక తెలిసింది.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. 2017లో నా మొదటి పేపర్ ఇలాంటి వాళ్లకే పంపాను. రాత్రి పదిన్నరకి పంపితే పొద్దున తొమ్మిదికల్లా "రివ్యూ పూర్తయింది, అంగీకరించాం" అని మెయిల్. రివ్యూ అంటే ఆ విషయం తెలిసినవాళ్లు పేపర్ చదివి తూకం వేయడం. ఆ రాత్రంతా మేలుకుని ఎవరు చదివారో మరి! అచ్చయ్యాక చూస్తే టీచింగ్ అని ఉండాల్సిన చోట టచింగ్ అని నేను కొట్టిన తప్పు అలాగే ఉంది. ఇంగ్లీషు బోధన మీద పేపర్, అందులో ఆ తప్పు. దానికో రంగుల సర్టిఫికెట్ వస్తే బ్రాడీపేటలో లామినేషన్ కూడా చేయించాను. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ప్యానెల్లో ఒకాయన నా ముందే ఆ జర్నల్ సైటు తెరిచారు. నా పేపర్ పక్కన ఉన్నది రొయ్యల చెరువుల గురించి. ఆయన ఏమీ అనలేదు, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారంతే.

అప్పుడు యూజీసీ సొంత జాబితాలోకే ఇలాంటివి దూరిపోయాయి. 2018 మేలో ఒక్కసారే 4,305 జర్నల్స్‌ని తీసేశారు. ఆ తర్వాత 2019లో కేర్ జాబితా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేశారు. ఏది మంచి జర్నలో తేల్చుకునే పని ఇప్పుడు యూనివర్సిటీలది, మనది. కాబట్టి ఇప్పటికీ "మేం కేర్‌లో ఉన్నాం" అంటున్నారంటే పాత బోర్డు ఇంకా దించలేదని అర్థం. ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉందిగా అంటారు. అది బండికి నంబరు ప్లేటు లాంటిది, ఇంజిన్ ఉందో లేదో చెప్పదు.

ఇంకో మాట. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చేలోపు పేపర్ అచ్చవ్వాలన్న షరతు లేదు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు, అది ఆఫీసులో అడిగి, వీలైతే కాగితం మీదే చూడండి. సగం మంది స్కాలర్లు "ఉందట" అన్న మాట మీదే టెన్షన్ పడి డబ్బు కట్టేస్తున్నారు.

ఇక అసలు సంగతి. మీ ఇబ్బంది జర్నల్ దగ్గర మొదలవలేదు, టైటిల్ దగ్గర మొదలైంది. జిల్లా మొత్తం విద్యార్థుల అన్ని సమస్యలూ ఒక పేపర్లో పట్టవు. అంత పెద్ద టైటిల్ పెట్టుకుంటే పేరున్న జర్నల్‌లో ఎడిటర్ దగ్గరే ఆగిపోతుంది, రివ్యూ దాకా కూడా వెళ్లదు. డబ్బుకి వేసేవాళ్లే దాన్ని తీసుకుంటారు. జిల్లా అంతా మీరు తిరగలేరు గానీ, మీ క్లాసు మాత్రం మీ అరచేతిలో ఉంది.

నా రెండో పేపర్ సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఫస్టియర్ పిల్లలు 58 మందితో ఒక్కో పేరా రాయించి, "ద", "ఎ" వదిలేసిన చోట్లన్నీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి లెక్కేశాను. "తెలుగులో ఆర్టికల్స్ లేవు, కాబట్టి ఇది మాతృభాష ప్రభావం" అని తేల్చేసి పంపాను. మూడు నెలలకి ఇద్దరు రివ్యూయర్ల అభిప్రాయాలు వచ్చాయి. ఒకరు ఇలా అడిగారు: తెలుగు వల్లే అని మీకెలా తెలుసు? ఇంగ్లీషు పుట్టుభాషైన చంటిపిల్లలు కూడా మొదట్లో ఆర్టికల్స్ వదిలేస్తారు కదా? తెలుగే కారణం అంటున్న పేపర్లో ఒక్క తెలుగు వాక్యమైనా లేదేం?

రెండు రోజులు ఒళ్లు మండింది. మూడో రోజు పన్నెండు మంది పిల్లల్ని ఒక్కొక్కరిగా స్టాఫ్‌రూమ్‌కి పిలిచి, వాళ్ల కాగితాలు వాళ్ల ముందు పెట్టి తెలుగులోనే అడిగాను, ఇక్కడ "ద" ఎందుకు పెట్టలేదమ్మా అని. పొన్నూరు వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి చెప్పింది: "ద అంటే ఆ కదా సార్. ఏ పుస్తకమో ముందే చెప్పేశాక మళ్లీ ఆ పుస్తకం అని ఎందుకంటాం?"

సరే, అదే తెలుగులో చెప్పమన్నాను. "నిన్న పుస్తకం కొన్నాను. రాత్రికల్లా పుస్తకాన్ని చదివేశాను" అంది. మొదటిసారి పుస్తకం, రెండోసారి పుస్తకాన్ని. ప్రాణం లేని వస్తువులకి తెలుగులో "ని" వదిలేయొచ్చు, ఫలానాది అని తెలిసినప్పుడు పెట్టే అవకాశం ఎక్కువ. అంటే తెలిసిన వస్తువుకీ తెలియని వస్తువుకీ తేడా ఆ పిల్లకి బాగా తెలుసు. ఇంగ్లీషు ఆ తేడాని మాటకి ముందు చూపిస్తుంది, ఈ అమ్మాయి తెలుగు అలవాటుకొద్దీ మాట చివర వెతుక్కుంటోంది. బడిలో మనం "ద అంటే ఆ, ఎ అంటే ఒక" అని నూరిపోశాం, అది ఇంకో చిక్కు.

పేపర్ దాని మీద నిలబడింది. 58 మంది లెక్క ఒక చిన్న పట్టికకి కుదించుకుపోయింది, ఆ పన్నెండు మాటామంతీలే ముఖ్య భాగమయ్యాయి. మరో విడత దిద్దుబాట్లు అయ్యాక తీసుకున్నారు. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. పైసా అడగలేదు.

మీకు చేతికందే దూరంలోనే ఒక విషయం ఉంది. మన ప్రభుత్వ బడుల్లో సైన్సు, సోషల్ లాంటి పుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు అచ్చేసి ఇస్తున్నారు కదా. అర్థంకాని మాట తగిలినప్పుడు పిల్లవాడు తెలుగు పేజీలో ఆ ఒక్క వాక్యమే చూసుకుంటాడా, లేక ఇంగ్లీషు పేజీ వదిలేసి అటే చదువుకుపోతాడా? పదిమందిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూడండి. శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌లు ఆన్‌లైన్లో దాచే చోటు) పాత థీసిస్‌లు వెతికితే ఎవరు ఎంతవరకు వచ్చారో తెలుస్తుంది. మన నాగార్జున యూనివర్సిటీవి కూడా అందులో దొరుకుతాయి. ఒకటి మాత్రం మర్చిపోకండి: మీ పిల్లలు మైనర్లు. హెడ్‌మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు డేటా తీసుకునే ముందే తీసుకోవాలి. పేపర్లో అసలు పేర్లు రాకూడదు.

రాతలో పెద్ద కష్టం లేదు. మనలో చాలామంది లిటరేచర్ చదివి వచ్చాం కాబట్టి రిఫరెన్సులు రాసేటప్పుడు చెయ్యి సాహిత్యం వాళ్లు వాడే ఎంఎల్ఏ పద్ధతి వైపు పోతుంది (ఎమ్మెల్యే కాదండోయ్). బోధన జర్నల్స్ ఎక్కువగా ఏపీఏ అనే ఇంకో పద్ధతి, అందులో ఏడో ఎడిషన్ అడుగుతాయి. రిఫరెన్సులకి జొటేరో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మొదటి రోజు నుంచే వాడండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలికలు 10 శాతం దాటితే ఇబ్బంది. ఏఐతో రిఫరెన్సులు రాయించుకోవద్దు, లేని పుస్తకాన్ని పేజీ నంబరుతో సహా చేతిలో పెడుతుంది.

పంపడానికి టెస్ల్-ఈజే అనే ఇంగ్లీషు బోధన జర్నల్ చూడండి. 1994 నుంచి ఆన్‌లైన్లో వస్తోంది, రాసేవాళ్లూ కట్టక్కర్లేదు, చదివేవాళ్లూ కట్టక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఈఎల్‌టీ జర్నల్ 1946 నుంచి ఉంది, పోటీ గట్టిగా ఉంటుంది. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ వేసే లాంగ్వేజ్ అండ్ లాంగ్వేజ్ టీచింగ్ మీలాంటి స్కూలు టీచర్లకి బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ఏదైనా సరే, దాని చివరి రెండు సంచికలు చదివాకే పంపండి, ఒకసారి ఒక్కదానికే. రాసిందెవరో రివ్యూయర్లకి తెలియకూడదు కాబట్టి ఫైల్లో మీ పేరు తీసేయాలి. పేజీ మీద తీసేస్తే చాలదు, ఫైలు ప్రాపర్టీస్‌లో కూడా ఉంటుంది, నాది ఒకసారి అందుకే తిప్పి పంపారు. రివ్యూలు వచ్చాక ఒక పట్టిక గీసుకుని, ఎడమ పక్క వాళ్ల మాట, కుడి పక్క మీరు ఏ పేజీలో ఏం మార్చారో రాయండి. ఒప్పుకోలేనిది ఉంటే మర్యాదగా కారణం చెప్పండి, అది తప్పేం కాదు.

ఆ వాట్సాప్ వాళ్లకి పేపర్ ఇప్పటికే పంపారో లేదో మీరు రాయలేదు. పంపి ఉంటే ఈ రోజే "వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒక మెయిల్ పెట్టండి, కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకండి. వెనక్కి తీసుకోవడానికి కూడా ఫీజు కట్టమని బెదిరిస్తారు, తర్వాత నేను ఇంకో పేపర్ ఆపమన్నప్పుడు నన్నూ అడిగారు. నేను కట్టలేదు, ఏమీ కాలేదు. ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ దాచి ఉంచండి. చెప్పకుండా వేసేసినా, రేపు మీరు పంపే అసలు జర్నల్ ఎడిటర్‌కి చూపించడానికి అదే పనికొస్తుంది.