ప్రొఫెసర్‌కి రాసే మెయిల్‌లో ‘కుదసాయి’ వద్దు

సిఫార్సు లేఖ కోసం ప్రొఫెసర్‌కి జపనీస్‌లో మీరు రాసిన ‘సుయిసెన్‌జో ఓ కైతే కుదసాయి’ (దయచేసి సిఫార్సు లేఖ రాయండి) అనే వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదండి. కానీ ‘కుదసాయి’ ఎంత మర్యాదగా ఉన్నా రాయమని చెప్పినట్టే, కాదనే వీలు ఆయనకు ఉండదు. ‘కైతే ఇతదకెనాయి దెషో క’ (రాసిపెట్టడం వీలవుతుందా) అని అడగండి. ఇందులో ‘కె’ చాలా ముఖ్యం, వీలవుతుందా అని అడిగేది అదే. చాలామంది ‘ఇతదకిమసెన్ క’ అనేస్తారు, అక్కడా ‘ఇతదకెమసెన్ క’ అనాలి. ముందు ‘ఒఇసొగషీ తొకొరొ ఒసొరెఇరిమసు గ’ చేరిస్తే, తీరిక లేని సమయంలో ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించమన్నట్టు ఉంటుంది. గడువు తేదీ, లేఖ ఎక్కడికి పంపాలో అదే మెయిల్‌లో ఇవ్వండి.

లేఖ అందాక: ‘కైతే కుదసత్తే, అరిగతో గొజైమషిత’ (రాసిపెట్టినందుకు ధన్యవాదాలు). పని పూర్తయింది కాబట్టి చివర ‘మసు’ కాదు, జరిగిపోయినదాన్ని చెప్పే ‘మషిత’. శ్రమపడ్డారు అనే అర్థంలో వాడే ‘గొకురోసమ’ మాత్రం అనకండి, అది పైవాళ్లు కిందివాళ్లతో అనేది.