ఫార్ములాలు రావని గ్రూపు మార్చాలా?

ప్రశ్న: మాది ఉప్పల్, చిన్న కిరాణా షాపు. మా అమ్మాయి పదో తరగతి. ఏడు దాకా తెలుగు మీడియం, ఎనిమిది నుంచి ఇంగ్లిష్ మీడియం. లెక్కల్లో బాగానే ఉంటుంది. లోహాల ఆక్సైడ్ల పేర్లు, ఫార్ములాలు మాత్రం ఎన్నిసార్లు బట్టీ పట్టినా తప్పే రాస్తోంది. 'నాకు కెమిస్ట్రీ రాదు, ఎంపీసీ వద్దు, సీఈసీలో చేరతా' అని ఏడుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, సీఈసీ మంచి గ్రూపే. సీఏ చేయాలనో, లా చదవాలనో ఆశపడి అడుగుతుంటే వెంటనే చేర్పించమనేదాన్ని. మీ అమ్మాయి భయపడి అడుగుతోంది. ఈ భయం పది రోజుల్లో పోతుంది. దాని కోసం ఇప్పుడే గ్రూపు తేల్చేయకండి.

ముందు బట్టీ మాన్పించండి. ఇది జమాఖర్చు లాంటిది, షాపు లెక్కలు చూసిన పిల్లకి కొత్త కాదు. లోహం ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఆక్సిజన్ వాటిని తీసుకుంటుంది. మామూలు ఆక్సైడ్లలో ఒక్కో ఆక్సిజన్‌కి రెండు కావాలి. సోడియం ఒకటే ఇస్తుంది కాబట్టి రెండు సోడియంలు కావాలి: ఎన్ఏ2ఓ. మెగ్నీషియం రెండిస్తుంది, ఒకటి చాలు: ఎంజీఓ. అల్యూమినియం మూడిస్తుంది. రెండు అల్యూమినియంలు ఆరు ఇస్తే మూడు ఆక్సిజన్లు ఆరు తీసుకుంటాయి: ఏఎల్2ఓ3. ఇచ్చినదీ తీసుకున్నదీ సరిపోతే ఫార్ములా సరైనట్టే. బళ్లో చెప్పే క్రిస్‌క్రాస్ పద్ధతి కూడా ఈ లెక్కే.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఇనుము, రాగి దగ్గర. ఇవి ఒక్కోచోట ఒక్కోలా ఇస్తాయి, అందుకే పేరులో అంకె చెప్తారు. 'ఐరన్ త్రీ ఆక్సైడ్' అనగానే మూడు ఇనుములు అనుకుని ఎఫ్ఈ3ఓ అని రాసేస్తారు. మీ అమ్మాయి నోట్‌బుక్ తెరిచి చూడండి, ఇలాంటి తప్పులే ఉండొచ్చు. ఆ మూడు అనేది ఇనుముల సంఖ్య కాదు, ఒక్కో ఇనుము ఇచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య. అందుకే సరైన ఫార్ములా ఎఫ్ఈ2ఓ3. ఫెర్రిక్ ఆక్సైడ్ అన్నా ఇదే, హెమటైట్ ఖనిజంలో ఉండేదీ ఇదే. ఇనుము రెండే ఇస్తే ఫెర్రస్, అంటే ఎఫ్ఈఓ. రాగిలో ఇంకా తికమక: కాపర్ వన్ ఆక్సైడ్ సీయూ2ఓ, కాపర్ టూ ఆక్సైడ్ సీయూఓ. పేరులో ఒకటి ఉన్నచోట ఫార్ములాలో రెండు కనిపిస్తుంది. కారణం చెప్పకుండా కంఠతా పట్టమంటే ఏ పిల్లకైనా ఏడుపే వస్తుంది. అందులో మీ అమ్మాయి తప్పేమీ లేదు.

తర్వాత మాగ్నటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం, అంటే ఎఫ్ఈ3ఓ4 లెక్క చేయించండి. నాలుగు ఆక్సిజన్లకి ఎనిమిది కావాలి, ఉన్నవి మూడు ఇనుములు, సమానంగా పంచితే తెగదు. ఒక ఇనుము రెండు ఇస్తుంది, మిగతా రెండూ మూడేసి ఇస్తాయి: మొత్తం ఎనిమిది! లెక్కలంటే ఇష్టమున్న పిల్ల ఇక్కడ తప్పకుండా నవ్వుతుంది.

మీకు దగ్గర్లోనే, ఈసీఐఎల్ వైపు, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. అణు రియాక్టర్లలో వాడే యురేనియం డయాక్సైడ్ బిళ్లలు అక్కడే తయారవుతాయి. దాని ఫార్ములా యూఓ2. యురేనియం ఎన్ని ఇస్తోందో తననే చెప్పమనండి. నాలుగు అని చెప్పిందంటే పాఠం వచ్చేసినట్టే. ఈ ఆక్సైడ్ల మీదే పనిచేసే మెటలర్జీ (లోహశాస్త్రం), మెటీరియల్స్ ఇంజినీరింగ్ అనే చదువులున్నాయని కూడా తనకి తెలియాలి. ఎంపీసీ వదిలేస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

మీకు కెమిస్ట్రీ రాకపోయినా ఫరవాలేదు. రాత్రి షాపు మూశాక పుస్తకం మీరు పట్టుకుని ఐదు పేర్లు అడగండి, ఫార్ములా రాసి లెక్క ఎలా సరిపోయిందో మీకు చెప్పమనండి. పది రోజుల తర్వాత గ్రూపు సంగతి మళ్లీ అడగండి. అప్పుడు కూడా ఇష్టంగా సీఈసీ అంటే సంతోషంగా చేర్పించండి.