చివరి రాత్రితోనే డబ్బు అయిపోయే ట్రెక్కింగ్ ప్లాన్

ప్రశ్న: ఈ అక్టోబరులో నేనూ మావారూ ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్కింగ్‌కు వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 90 వేలు. హోమ్‌లోన్ ఈఎంఐ 28 వేలతో కలిపి ఖర్చు 62 వేలు. చేతిలో 60 వేలున్నాయి. ట్రిప్పుకు కావాల్సిన 2 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుంటాం. వడ్డీ 14 శాతం, మూడేళ్లలో తీర్చాలి. సెలవులు తక్కువని దారిలోని ఊళ్లు నామ్చేలో, డింగ్‌బోచేలో ఒక్కో రాత్రే పెట్టుకున్నాం. అన్ని రాత్రుల బసకూ ముందే డబ్బు కడితే డిస్కౌంట్ ఇస్తామంటున్నారు. కట్టేయమంటారా?

జవాబు: వద్దు. చివరి రాత్రి దాకా లెక్క వేసుకుని, ఆ పైన రూపాయి కూడా మిగుల్చుకోకుండా బయల్దేరేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబిస్తున్నాను.

ఆ దారిలో బస అంటే గది ఒక్కటే కాదు, ఎంత ఎత్తులో నిద్రపోతున్నారన్నదే ముఖ్యం. పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడాలి కాబట్టి, 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగమనీ వైద్యులు చెబుతారు. నామ్చే 3,440 మీటర్లు, డింగ్‌బోచే 4,410. అక్కడ రెండేసి రాత్రులు ఆగడం అందుకే మామూలు. మీరు తీసేసింది సరిగ్గా ఆ రాత్రులనే. తలనొప్పి, వాంతులు మొదలైతే ఆగిపోవాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. కానీ పై ఊళ్లో గదికి డబ్బు కట్టేసి, జేబు ఖాళీగా ఉన్నవాళ్లు ‘ఎలాగోలా నడిచేద్దాం’ అనుకుంటారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

దిగొచ్చాక కూడా, వాతావరణం బాగాలేకపోతే, నడక మొదలై ముగిసే ఊరు లుక్లా నుంచి విమానం ఎగరదు, ఒక్కోసారి రోజుల తరబడి. ఆ రాత్రుల ఖర్చు, తప్పిపోయిన తిరుగు టికెట్టు భారం మీదే. టీహౌస్‌లో, అంటే దారిలో ఉండే చిన్న లాడ్జిలో గది చౌకే, కానీ రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అక్కడే తినాలి. పైకి వెళ్లేకొద్దీ భోజనం, ఫోన్ చార్జింగ్, వేడినీళ్ల స్నానం అన్నీ ఖరీదే. నామ్చే దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోకుండా నోట్లు దగ్గర ఉంచుకోండి.

బీమా గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు టెన్షన్ అదే. మీ హెల్త్ పాలసీ మామూలుగా దేశం లోపలే పనిచేస్తుంది, నేపాల్ వేరే దేశం. ట్రావెల్ పాలసీ తీసుకున్నా, ట్రెక్కింగ్‌కు ఎత్తు పరిమితి పెట్టేవి, అసలు ట్రెక్కింగ్‌నే మినహాయించేవి ఉంటాయి. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, దాని దగ్గరి కొండ కాలాపత్థర్ ఎక్కితే 5,500 దాటుతుంది. కాబట్టి 6,000 మీటర్ల వరకు ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపు రెండూ పాలసీ పత్రంలో రాసి ఉండాలి. ఏజెంటు నోటిమాట చెల్లదు. హెలికాప్టర్‌కు ముందే తమ అనుమతి తీసుకోవాలని కంపెనీలు సాధారణంగా షరతు పెడతాయి. ఆ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లోనూ పెట్టుకోండి. కవర్ లేకపోతే బిల్లు వేల డాలర్లలో వస్తుంది. అరవై వేలతో ఏం చేస్తారు?

లోన్ సంగతి. ఈఎంఐ సుమారు 6,836 రూపాయలు, వడ్డీయే 46 వేలు. నెలన్నర ఖర్చుకు కూడా సరిపడా పొదుపు లేని ఇంట్లో విహారానికి అప్పా? ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే రెండు ఈఎంఐలు ఎవరు కడతారు? క్రెడిట్ కార్డు ఈఎంఐ, బంగారం తాకట్టు కూడా అప్పులే, వాటి జోలికీ వెళ్లకండి.

నెలకు 28 వేలు మిగులుతున్నాయి. ఐదు నెలలు కూడబెడితే చేతిలో ఉన్నదానితో కలిపి 2 లక్షలు. మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపోయే ఆ డబ్బును ట్రిప్పు కోసం ముట్టుకోవద్దు. నిజానికి ఆరు నెలలది ఉండాలి, తిరిగొచ్చాక పెంచుకోండి. ఆపై ఎనిమిది నెలల్లో 2.24 లక్షలు చేరతాయి. ట్రిప్పు ఖర్చు పోను ఆ 24 వేలు అదనపు రాత్రులకు. బీమా ప్రీమియం మీ 2 లక్షల్లో లేకపోతే ఇంకో నెల ఆగండి. వచ్చే ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్లవచ్చు, లేదంటే ఆ తర్వాత మార్చి నుంచి మే వరకు సీజనే. ఆఫీసులో నాలుగు రోజుల సెలవు ఎక్కువ అడగండి: రెండు నామ్చే, డింగ్‌బోచేలకు, రెండు లుక్లా విమానం కోసం.

బసకు మొత్తం ముందే కట్టవద్దు. బేస్ క్యాంప్‌కు ముందు వచ్చే చివరి మజిలీలు లోబుచే, గోరక్‌షెప్‌లలో సీజన్‌లో గదులు దొరకడం కష్టం. అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే ఆ రెండు చోట్లకే ఇవ్వండి, అదీ తేదీ మార్చుకునే వీలుంటేనే.