రంగు కింద దాగిన ఎర్త్ లోపం

ప్రశ్న: పాత 12 వోల్టుల టూ స్ట్రోక్ బండి ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ చేయించాను. అప్పటి నుంచి ఇండికేటర్లు మసకగా వెలుగుతున్నాయి. రేస్ చేస్తే హెడ్‌లైట్ బల్బు మాడిపోతోంది. ఎందుకు?
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: మళ్లీ బల్బు కొనకండి, ముందు ఎర్త్ (కరెంటు ఛాసిస్ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) చూడండి. పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. ఆ దారి సరిగా లేక ఇండికేటర్లు మసకబారాయి. వోల్టేజీని అదుపులో ఉంచేది రెగ్యులేటర్; ఎర్త్ అందకపోతే అది వోల్టేజీని ఆపలేదు, అందుకే బల్బు మాడుతోంది. బ్యాటరీ నెగెటివ్ వైరు, రెగ్యులేటర్ బిగించే బోల్టుల కింద రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో రుద్దండి. ఇనుము తెల్లగా మెరిశాక గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయండి. లేకుంటే ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది.

తర్వాత హారన్ కొడుతూ బ్యాటరీ నెగెటివ్‌కూ ఛాసిస్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ ఇంకా కుదరనట్టే. రేస్ చేసినప్పుడు బ్యాటరీ దగ్గర 14.5 లోపు ఉండాలి. ఎర్త్ బాగున్నా 15 దాటితే రెగ్యులేటర్ మార్చాల్సిందే.